పదకొండు గంటల వంతు

కార్తీకంలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని అప్పుడే నడుం వాల్చాను, ఫోను మోగింది. ఏటా మా మూడు రోజుల మకాంకు హాలు ఇచ్చే సంస్థ ఆఫీసు అమ్మాయి. మన తెలుగు పిల్లే. చంద్రపూర్‌లో పుట్టి మరాఠీ బడిలో చదివింది కాబట్టి మాట తెలుగు, రాత మరాఠీ.

"కాకా, ఈసారి విరూర్ మకాంల అకరా వాజతా నా ప్రెజెంటేషన్ ఉన్నది. పదకొండుకు. మీ ముచ్చట్ల నడుమ అది ఎక్కడ పెట్టాల్నో జర చెప్పుండ్రి. సార్ టైంటేబుల్ అడుగుతుండు."

"బావనడిగి చెప్తనమ్మా" అన్నాను.

అటువైపు నుంచి మాట లేదు. ఎందుకు లేదో నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది. తట్టాకైనా దిద్దుకోవచ్చు కదా. దిద్దుకోలేదు. "ఊళ్ళె లేడు, పనిమీద పోయిండు, రాంగనే అడుగుత" అని దాని మీద ఇంకొకటి పేర్చాను. ఆ పిల్ల మంచిది. "బరం కాకా, సరే" అని ఫోను పెట్టేసింది. బావ ఎక్కడికి పోయాడో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఆరోజు శ్మశానం గేటు దాకా గొడుగు పట్టుకొని వచ్చింది.

ఆయన పోయినప్పుడు చంద్రపూర్‌లో మా బాబుపేట్ మొత్తం కదిలి వచ్చింది. రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి, దుకాణాలు మూసేశారు, పోలీసులు వచ్చి దారి చేయాల్సి వచ్చింది.

లేదు. ఆరోజు ముసురు పట్టింది. పాడెకు భుజం మార్చుకోవడానికి మనుషుల కోసం వెనక్కి తిరిగి చూసుకున్నాం. దుకాణాలు మూసి ఉన్న మాట నిజమే, ఆరోజు వాటికి సెలవు. ఆయనే ఉండి ఈ మాటలు వింటే, బండ్లు ఆగిపోయాయి అన్నచోటే వేలి కణుపుతో నేల మీద టక్ టక్ అని కొట్టేవాడు.

ఆ కొట్టుడు సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పినట్టు కాదు.

ఆయన బొగ్గు బాయిలో సర్దార్. షిఫ్టు మొదలవగానే అందరికన్నా ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పు మీద కొట్టి చూడడం ఆయన పని. కప్పు గట్టిగా ఉంటే కణ్ మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డప్పు మీద కొట్టినట్టు బోలుగా పలుకుతుంది. ఆయన విని, ఊఁ అంటేనే తక్కినవాళ్ళు ఆ కప్పు కింద అడుగు పెట్టాలి. రిటైరయినప్పుడు కర్ర అక్కడే అప్పగించి వచ్చాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. కర్ర బదులు కుడిచేతి మధ్యవేలి కణుపు. ఎవరింటికైనా పోతే గోడ మీద ఒకసారి, తలుపు మీద ఒకసారి. బజారులో కుండల మీద, పుచ్చకాయల మీద. చాయ్ తాగి ఖాళీ గ్లాసు మీద. ఆయన ఇల్లాలు, నేను అక్కా అని పిలిచే మనిషి, చుట్టాల ముందు అంటుండేది: "పెండ్లిచూపులకొచ్చిననాడు నా నెత్తి మీద కొట్టి చూడలేదు. అదొక్కటే నయం."

"కొడ్తె సంబంధం కుదరకపోయేది" అనేవాడు ఆయన, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

మనుషుల మాటలు కూడా ఆయనకు పైకప్పుల్లాగే ఉండేవి. ఎవరైనా కోతలు కోస్తుంటే ఎదురు చెప్పడు, నవ్వడు. కూర్చున్నచోటే నేల మీద రెండు దెబ్బలు. టక్ టక్. అంటే అక్కడ బోలుగా ఉంది, ఆ కింద ఎవరూ నిలబడొద్దని. ఆ రెండు దెబ్బలు అందరికన్నా ఎక్కువ తిన్నవాణ్ణి నేనే. నేను బాయి ముచ్చట్లు చెప్పడంలో దిట్టను. నీళ్ళు ఎగదన్ని వస్తుంటే గొంతు దాకా మునిగి ఇద్దరిని ఎట్లా మోసుకొచ్చానో చెప్తుంటే కొత్తవాళ్ళు గుటకలు మింగేవాళ్ళు. సరిగ్గా అప్పుడు టక్ టక్. నేను గొంతు సవరించుకొని, "అంటే నేను చేసింది క్యాంటీన్ల. బాయి పైన" అనేవాణ్ణి. లోపలికి దిగింది ఒకే ఒక్కసారి, చాయ్ క్యాను పట్టుకొని, అదీ సగం దూరం కళ్ళు మూసుకొని. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు. "ఏం క్యాంటీన్" అనేవాడు. నేను "బావా" అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరమూ కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళం, అంతే.

ఇక మకాం. చలికాలంలో మూడు రోజులు విరూర్ స్టేషన్ పక్కన సంస్థవాళ్ళ హాల్లో మేమంతా కలిసి ఉంటాం. బాయిలో పని చేసినవాళ్ళం, పని చేసి పోయినవాళ్ళ ఆడవాళ్ళు, ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో దుమ్ము మింగి రిటైరైనవాళ్ళు ఒకరిద్దరు. ఏటా వందల మందిమి. టక్ టక్. ఒక జీపు, రెండు ఆటోలు సరిపోతాయి. చలి ముదిరితే ఒక ఆటో చాలు.

అక్కడ పెద్ద అంటూ లేడు, మైకు లేదు, వేదిక లేదు. ఏం మాట్లాడుకోవాలో పొద్దున గుండ్రంగా కూర్చున్నాకనే తేలుతుంది. ఒకరు కోడలి సంగతి ఎత్తుతారు, ఒకరు మోకాళ్ళ సంగతి, ఒకరు రిటైరై ఇన్నేళ్ళయినా షిఫ్టు సైరన్ వినిపించినట్టయి ఉలిక్కిపడి లేస్తున్న సంగతి. ఇంట్లో ఎవరూ కూర్చొని వినని సంగతులు. ఉన్నది ఒక్కటే నియమం, అది ఆయన పెట్టింది. గోడకు ఒక చెక్క పలక, దాని నిండా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ. బాయిలో దిగేవాడు తన బిళ్ళ తీసుకొని దిగుతాడు, పైకి వచ్చాక తెచ్చి మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయ్యాక మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. మకాంలోనూ అంతే. మాట్లాడాలనుకున్నవాళ్ళు తమ బిళ్ళ తీసి చేతిలో పట్టుకొని కూర్చుంటారు. అది మళ్ళీ మేకుకు పడేదాకా ఎవరూ లేవరు, అడ్డురారు, తొందర పెట్టరు. మాట్లాడకుండా ఊరికే కూర్చున్నా సరే. "బిళ్ళ మేకుకు పడేదాంక మనిషి లోపలున్నట్టే" అనేవాడు ఆయన. పోయినవాళ్ళ బిళ్ళలూ ఆ పలక మీదనే ఉంటాయి. భార్యలు తమ వంతుకు వాటినే తీసుకుంటారు. ఎవరూ రానివి ఊరికే వేలాడుతుంటాయి.

అవన్నీ బాయి మూసినప్పుడు తెచ్చుకున్న అసలు బిళ్ళలని కొత్తవాళ్ళకు చెప్తుంటాను. సగం బాబుపేట్‌లో కొట్టించినవి. ఇత్తడి మాత్రం అసలుదే.

క్యాంటీన్‌వాణ్ణి కాబట్టి నాకు బిళ్ళ లేదు. మొదటి ఏడు గోడకానుకొని ఊరికే వింటూ కూర్చున్నాను. రెండో రోజు ఆయన పలక దగ్గరికి పోయి ఒక బిళ్ళ తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది నర్సయ్యది. పంపు నడిపేటోడు. ఎవ్వలు లేరు వానికి. వాని వంతు ఖాళిగున్నది, నువ్వు తీస్కో."

"నేనేం మాట్లాడాలె బావా?"

"నీ ఇష్టం. గని వాని వంతుల కోతలు కొయ్యకు."

కోశాను. ఆయన కొట్టాడు. అట్లా మొదలైంది మా స్నేహం.

కొన్నేళ్ళ కింద ఒక ఎండాకాలం సాయంత్రం సంస్థ సాహెబ్ బాబుపేట్‌లో ఆయన ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. సాహెబ్ చెడ్డవాడు కాదు. హాలు ఇస్తాడు, బియ్యం ఇస్తాడు, గ్యాసు బండ ఇస్తాడు. ఆయనకూ పైన ఎవరో ఉన్నారు, వాళ్ళు అడుగుతున్నారట, మూడు రోజులు ఇంతమంది కూర్చొని ఏం చేస్తున్నారని. ముచ్చట పెట్టుకుంటున్నారని రాస్తే ఒప్పుకోవడం లేదట. అందుకని మరాఠీలో అచ్చేసిన కాగితం ఒకటి తెచ్చాడు. పదకొండు నుంచి పన్నెండు దాకా డాక్టర్ ప్రసంగం, ఊపిరితిత్తుల గురించి. మర్నాడు పదకొండుకు పింఛన్ల గురించి. అవి జరగకపోతే వచ్చే ఏడు హాలు తన చేతిలో ఉండదన్నాడు.

నేను ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి సాహెబ్ ముఖాన కొట్టాను.

కొట్టలేదు. చాయ్ ఇచ్చాను, చక్కెర కొంచెం ఎక్కువే వేసి. సాహెబ్ వెళ్ళాక మాత్రం చాలా అరిచాను. "మన ముచ్చట మనది. వీళ్ళ గడియారం తెచ్చి నడుమ పెడితే రేపు రాజవ్వలాంటోళ్ళు నోరు తెరుస్తరా? హాలు పోతే పోనీ."

"హాలు పోతె రాజవ్వ యాడ కూసుంటది?" అన్నాడు ఆయన.

హాలు పోతే మకాం పోయినట్టే. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ మూడు రోజులు తప్ప ఏడాది పొడుగునా వినే మనిషి లేడు. అట్లాగని ఎవరి వంతూ మధ్యలో తెగదని ఆయన అందరికీ మాట ఇచ్చి ఉన్నాడు. రెండూ నిలబెట్టాలి. ఆయన ఆ కాగితాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు.

"గడియారం గూడ ఒక మనిషే అనుకో క్యాంటీన్. వచ్చింది, కూసుంటనంటున్నది. దానికీ ఒక వంతిద్దాం. గని దానికీ మన లెక్కనే. ముందటోళ్ళు పైకి వచ్చినంకనే అది లోపటికి పోవాలె."

"గడియారం వింటదా?"

"నువ్వు వింటలేవా, అది వినదా" అన్నాడు.

రాజవ్వ సంగతి చెప్పాలి. ఆమె మొగుడు పొద్దటి షిఫ్టుకు పోయి పైకి రాలేదు. ఆమె ఏటా మకాంకు వచ్చేది, ఏటా మొగుడి బిళ్ళ తీసేది, చేతిలో కాసేపు పట్టుకొని "ఏం లేదు" అని మళ్ళీ తగిలించేది. రొట్టెలు మాత్రం అందరికీ ఆమే చేసేది. బావ ఆమెను "చెల్లె" అనేవాడు, ఆమె "అన్న" అనేది. ఏమన్నా చెప్పమని ఆయన ఆమెను ఒక్కనాడూ అడగలేదు.

ఆ ఏటి మకాంలో డాక్టర్ వచ్చిన రోజు పొద్దున ఆమె బిళ్ళ తీసింది. మామూలుగా కాసేపటికే తగిలించేస్తుంది కదా. తగిలించలేదు. గుప్పిట మూసి, గుప్పిట మీద కొంగు కప్పి, నేల వైపు చూస్తూ కూర్చుంది. అందరమూ కూర్చున్నాం. డాక్టర్ అప్పటికే విరూర్ స్టేషన్‌లో దిగి వచ్చి గుమ్మం బయట కుర్చీలో ఉన్నాడు. చాలా చిన్నవాడు, మరాఠీ పిల్లగాడు. మధ్యాహ్నం బండికి తిరిగి పోవాలి. ఎదురుగోడ మీద ప్రొజెక్టర్ నీలం వెలుతురు పడుతోంది, అందులో అక్షరం లేదు.

పదకొండు అయింది. సాహెబ్ గుమ్మంలోంచి వేలితో చేతిగడియారం చూపించాడు. బావ తల ఊపాడు, లేవలేదు. కొంతసేపటికి సాహెబ్ వంగి వంగి వచ్చి ఆయన చెవి దగ్గర కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఆమె ఏం మాట్లాడతలేదు కదా" అన్నాడు సాహెబ్. తెలుగు ఆయనకు కొద్దిగా వచ్చు.

"లోపలున్నది సార్."

"డాక్టర్ సాబ్‌కు గాడీ ఉంది."

"లోపలున్నది సార్."

"చూడండి కాకా, ఇట్లయితే వచ్చే ఏడు సంగతి నేను చెప్పలేను. నిజంగనే చెప్పలేను."

ఆయన తల ఎత్తి హాలు పైకప్పు వైపు చూశాడు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, బాయిలో చూసినట్టే నిదానంగా చూశాడు. ఆ హాలును చూడడం అదే ఆఖరుసారి అనుకున్నాడేమో. తర్వాత సాహెబ్ మోకాలి మీద చెయ్యి వేసి, "సరే సార్" అన్నాడు. అని అట్లాగే కూర్చున్నాడు. సాహెబ్ బయటికి పోయాడు. ప్రొజెక్టర్ ఆపేసిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత ఎంత సేపటికో రాజవ్వ నోరు విప్పింది. తల ఎత్తలేదు.

"ఆనాడు కూరల ఉప్పెయ్య మరిచిపోయిన."

కొంగును గుప్పిట మీదికి ఇంకొంచెం లాక్కుంది.

"డబ్బ కట్టిచ్చినంక యాదికొచ్చింది. ఉరికిన. మూల మలిగిండు. పిలుస్తె ఇనవడకపోయె. లోపట కూసోని తిన్నడో, చప్పగున్నదని పారబోసిండో. తిట్టుకున్నడో. గంతే."

లేచి పలక దగ్గరికి పోయి బిళ్ళ తగిలించింది. తగిలించి ఒకసారి వేలితో సర్దింది, వంకరగా ఉందని. వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. ఆ మధ్యాహ్నం ఎవరూ ఆమెతో ఆ మాట ఎత్తలేదు. అందరమూ ఒక రొట్టె ఎక్కువ తిన్నాం.

డాక్టర్‌కు బండి టైమయింది. సాహెబ్ ముఖం ముడుచుకొని ఉంది. అప్పుడు బావ అన్నాడు: "సార్, ప్రసంగం కావాల్నని రాసున్నది. హాల్లనే కావాల్నని ఏమన్న రాసున్నదా?"

లేదు. కాగితం తిప్పి కూడా చూశాడు సాహెబ్.

హాలుకు స్టేషన్ ఒక్క కేక దూరం. మకాం మొత్తం కదిలింది. మోకాళ్ళు లేనివాళ్ళను ఉన్నవాళ్ళు పట్టుకున్నారు. ప్లాట్‌ఫారం మీద బెంచీ చుట్టూ కూర్చున్నాం. ఆనాడు విరూర్ స్టేషన్‌లో ఇసుక వేస్తే రాలలేదు, వచ్చిన బండి ప్రసంగం అయ్యేదాకా కదలలేదు.

అప్పటికి బండి రానేలేదు. ఆలస్యమని చెప్పారు, అందుకే మాకు సమయం దొరికింది. విన్నది మేమూ, జామకాయలమ్మే ఒక ముసలామె, ఒక మేక.

డాక్టర్ లేచి నిలబడబోతే బావ కూర్చోబెట్టాడు. నా వైపు చెయ్యి చాచాడు. "నర్సయ్యది ఇయ్యి." ఆ పొద్దున నా వంతు రాలేదు కాబట్టి బిళ్ళ నా జేబులోనే ఉంది. ఇచ్చాను. దాన్ని డాక్టర్ చేతిలో పెట్టాడు.

"హే కాయ, కాకా?" ఇదేమిటని అడిగాడు ఆ పిల్లగాడు.

బావ తనకు వచ్చిన మరాఠీలో చెప్పాడు. ఇది నర్సయ్య అనేవాడి వంతు. పంపు నడిపేవాడు. దగ్గి దగ్గి పోయాడు, అరవై నిండలేదు. ఎందుకు దగ్గాడో వాడికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. మేం వింటాం.

ఆ డాక్టర్ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. సంచిలోంచి తీయబోయిన కంప్యూటర్‌ను మళ్ళీ లోపల పెట్టేశాడు. పట్టాల పక్కన పడి ఉన్న బొగ్గు ముక్క ఒకటి తెచ్చి ప్లాట్‌ఫారం మీద రెండు ఊపిరితిత్తులు గీశాడు. చిన్న చిన్న మాటల్లో, ఆగి ఆగి చెప్పాడు. దుమ్ము ఎట్లా పోతుంది, ఎక్కడ కూర్చుంటుంది, దాని చుట్టూ కండ ఎట్లా బిగుసుకుపోతుంది. మేక వచ్చి బొమ్మ మీద నిలబడితే పక్కన ఇంకోటి గీశాడు. ఎవరూ నవ్వలేదు.

బావ ఒక్కటే అడిగాడు. "లోపల పడ్డ దుమ్ము ఎన్నటికన్న పైకి వస్తదా సార్?"

"నాహీ కాకా."

"రానే రాదా?"

"రాదు" అన్నాడు, ఈసారి తెలుగులో.

అది అయ్యాక డాక్టర్ ఆయన్ను బెంచీ మీద పక్కకు తిప్పి కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి, వీపు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, ఆ వేళ్ళ మీద కుడిచేతి మధ్యవేలితో కొట్టడం మొదలుపెట్టాడు. టక్ టక్. కొంచెం కిందికి జరిపి మళ్ళీ. బావ మెడ వంచి వింటున్నాడు. ఎవరో తన పని తన మీదే చేస్తుంటే విన్నట్టు.

"గట్టిగనే పలుకుతున్నది" అన్నాడు ఆయన, తృప్తిగా.

డాక్టర్ చెయ్యి ఆపి మరాఠీలో అన్నాడు. "కాకా, ఇక్కడ బోలు చప్పుడు రావాలి. లోపల గాలి ఉండాలి కదా."

"అంటె మా దాని ఉల్ట."

"హో." అవునన్నాడు డాక్టర్.

ఆయన చొక్కా దించుకొని గుండీ పెట్టుకున్నాడు. పట్టాల అవతల చూస్తూ, "అచ్చా" అన్నాడు.

బండి వచ్చింది. డాక్టర్ ఎక్కాడు. అది కదిలాక నాకు గుర్తొచ్చింది, నర్సయ్య బిళ్ళ అతని దగ్గరే ఉండిపోయింది. నేను అరిచేలోపల బావ పరుగెత్తాడు. లేడిలా పరుగెత్తాడు. కాదు, నాలుగు అడుగులు. డాక్టర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బిళ్ళ అందించాడు. బావ అందుకొని, ఉన్నచోటే వంగిపోయి, పొట్ట పట్టుకొని నిలబడ్డాడు. బెంచీ దాకా నేనే నడిపించాను. ఊపిరి సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. గుప్పిటలో బిళ్ళ ఉంది.

"పోస్టుల పంపుతుండె కద బావా. గింతకు ఉరుకుడెందుకు?"

"అందాక నర్సయ్య లోపలుండాల్న?" అన్నాడు.

డాక్టర్ ఏమన్నాడని మా అక్క అడిగితే, "కప్పు బాగనే ఉన్నదన్నడు" అన్నాడు. నేను విన్నాను. నేల మీద కొట్టాల్సింది. నాకు ఆ అలవాటు లేదు.

హాలు పోలేదు. సాహెబ్ ప్లాట్‌ఫారం మీద తీసిన ఫొటో పైవాళ్ళకు బాగా నచ్చిందట. అప్పటి నుంచి మకాంకు వచ్చే ప్రసంగాలన్నీ బావ పెట్టిన పద్ధతిలోనే జరుగుతున్నాయి. చెప్పడానికి వచ్చినవాళ్ళు పొద్దుటి నుంచే మాతో గుండ్రంగా కూర్చోవాలి. కాగితం మీద పదకొండు అని రాసుకోవచ్చు. కానీ ముందరివాళ్ళ బిళ్ళ మేకుకు పడ్డాకనే వాళ్ళ వంతు. వాళ్ళకు ఎవరూ లేనివాళ్ళ బిళ్ళ ఒకటి ఇస్తాం, అది ఎవరిదో చెప్తాం. ఒకాయన కోపం వచ్చి వెళ్ళిపోయాడు. పింఛన్ ఆఫీసులో చేసే ఒకావిడ మాత్రం బిళ్ళ ఎవరిదో విని, రాసుకొచ్చిన ప్రసంగం మడిచి పెట్టేసి, ఆ మనిషి భార్యకు రావలసింది ఏమిటో అదొక్కటే చెప్పి కూర్చుంది.

ఇన్ని వంతులు కాపాడినవాడు తన వంతు ఎప్పుడూ తీసుకోలేదు. ఆయన బిళ్ళ పలకకు పై వరుసలో చివరది. నువ్వు ఎప్పుడు తీస్తవు బావా అంటే, "నాది రేపు" అనేవాడు. మూడో రోజు కూడా అదే మాట. మూడో రోజు తర్వాత రేపు ఎక్కడిదని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

పోయినేడు మకాంలో రెండో రోజు తీశాడు. అప్పటికే చిక్కిపోయి ఉన్నాడు, మాటకూ మాటకూ నడుమ ఊపిరి కోసం ఆగుతున్నాడు. ఆయన లేచి పలక వైపు పోతుంటే నీళ్ళకు పోతున్నాడనుకున్నాం. బిళ్ళ తీసుకొచ్చి కూర్చున్నాడు. రాజవ్వ వంటింట్లోంచి చేతులు పిండితోనే వచ్చి గోడకానుకొని కూర్చుంది. ఆయన అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. పెదవులు కదిపాడు. ఊపిరి తీసుకున్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గర, నాకు ఫోను చేసిన ఈ అమ్మాయి ఉంది. ఆఫీసులో చేరిన కొత్త, పొద్దుటి నుంచి మాతో కూర్చోవాలని తెలియదు. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే సర్టిఫికెట్ ఫోనులో ముఖం చూపించి ఎట్లా తీసుకోవాలో మాకు చెప్పడానికి వచ్చింది. అదే ఆమె మొదటి ప్రసంగం. కంప్యూటర్ గుండెకు హత్తుకొని నిలబడింది. గడియారం చూడలేదు, సైగ చేయలేదు, ఏమీ చేయలేదు పాపం. పదకొండు మాత్రం అయింది. ఆయన చూపు ఆమె దాకా వచ్చి ఆగింది.

లేచాడు. బిళ్ళ తీసుకుపోయి మేకుకు తగిలించాడు.

"నాది రేపు" అన్నాడు. "పిల్ల నిలబడ్డది."

మర్నాడు తెల్లారేసరికి దగ్గు ఎక్కువై జీపులో చంద్రపూర్ తీసుకొచ్చాం. తర్వాత ఆస్పత్రి, ఇల్లు, ఆస్పత్రి. వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు మంచం పక్కన కూర్చొని అడిగాను. "బావా, ఆరోజు ఏం చెప్దామనుకున్నవ్?"

ఆయన నా వైపు తిరిగాడు. మంచం కోడు మీద వేలితో ఆడుకుంటున్నాడు.

"నువ్వే చెప్పు క్యాంటీన్. నువ్వయితె మంచిగ చెప్తవ్."

ఎగతాళో, అప్పగింతో ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత నాలుగు రోజులకో అయిదు రోజులకో పోయాడు.

ఫోను వచ్చిన మర్నాడు నేనే ఆ అమ్మాయికి చేశాను. "పదకొండు ఆయనదమ్మా. నీది దాని తర్వాత" అన్నాను. "కితీ వాజతా కాకా?" ఎన్ని గంటలకు అని అడిగి, ఆమే మళ్ళీ, "నకో, నకో, వద్దు. నేను కూసుంట" అంది. కాగితం మీద పదకొండుకు ఎదురుగా ఏం రాసిందో నేను చూడలేదు. సాహెబ్ ఏమీ అనలేదు.

మొన్ననే మకాం అయింది. పదకొండుకు నేను లేచి పై వరుస చివరి బిళ్ళ తీసుకొచ్చి కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదు, నెల రోజులుగా తయారైన మాటలు ఉన్నాయి నా దగ్గర. భూమి గురించి, చీకటి గురించి, మనిషికి మనిషి వెలుగు కావడం గురించి. ఆయన చెప్పదలుచుకున్నవి అవేనని చెప్తే ఎవరైనా నమ్ముతారు. చాలా బాగుంటాయి కూడా.

"బావ పోయే ముందు నా చెయ్యి పట్టుకొని చెప్పిండు" అని మొదలుపెట్టాను. "క్యాంటీన్, మనం భూమి కడుపుల—"

టక్ టక్.

రాజవ్వ. గోడకానుకొని కూర్చుంది, నా వైపు చూడడం లేదు. వేలి కణుపు ఇంకా నేల మీదే ఉంది.

బిళ్ళ చెమటకు జారుతోంది. ఎవరూ తొందర పెట్టలేదు. ఆ అమ్మాయి కంప్యూటర్ మూసి పక్కన పెట్టి, మోకాళ్ళు ముడుచుకొని మాతోపాటే నేల మీద కూర్చుంది.

"ఆయన ఏం చెప్దామనుకున్నడో నాకు తెల్వది" అన్నాను. "అడిగిన. చెప్పలె."

ఆగాను. ఆ రెండు దెబ్బల కోసం చెవులు పెట్టి చూశాను. రాజవ్వ చెయ్యి ఒడిలోకి తీసుకుంది. హాల్లో ఎవరూ కొట్టలేదు.

లేచి పోయి బిళ్ళ మేకుకు తగిలించాను. వంకరగా ఉంటే వేలితో సర్దాను.

ఆ అమ్మాయి నా వెనకాలే వచ్చి పలక ముందు నిలబడింది. తన వంతుకు ఏ బిళ్ళ తీసుకోవాలో తెలియక, అలవాటు లేని చెయ్యి ఆ పై వరుస చివరిదాని మీదికే పోయింది.

"అది వద్దు బిడ్డా" అన్నాను. "ఇప్పుడే పైకొచ్చిండు. కొంచెం సేపు ఉండనీ."

జేబులోంచి నర్సయ్య బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాను.